కుడివైపు నుంచి వచ్చిన కార్లు

మా ఊళ్ళో కార్లు ఎడమకే తిరుగుతాయి. వీధుల్లో తిరిగేవి కాదు, పందెం కార్లు. మే నెలాఖరు ఆదివారం జరిగే ఐదు వందల మైళ్ళ పందెంలో, మా ట్రాక్ మీద, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్క కారు కూడా కుడికి తిరగదు. ఊరి పేరే స్పీడ్‌వే. ఊరి కోసం ట్రాక్ పుట్టిందా, ట్రాక్ కోసం ఊరు పుట్టిందా అని ఎవరైనా అడిగితే మా నాన్న డెల్బర్ట్, "తల్లిని చూపించి ఇది నీ బిడ్డా అని అడిగే వెధవలకి జవాబు చెప్పను" అనేవాడు.

నాన్న పసుపు చొక్కా మనిషి. పందెం రోజుల్లో గేట్ల దగ్గరా, స్టాండ్లలోనూ జనాన్ని అదుపులో పెట్టేవాళ్ళకి మా దగ్గర పసుపు చొక్కాలిస్తారు. సగం జీవితం ఆ చొక్కా తొడిగాడు. మోకాళ్ళు మొరాయించాక చొక్కా తిరిగి ఇచ్చేశాడు గాని ఈల మాత్రం ఇవ్వలేదు. చర్చికి వెళ్ళినా అది ప్యాంటు జేబులో ఉండాల్సిందే.

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, ఆ ఇంట్లో పుట్టి నేను ఫార్ములా వన్ పిచ్చిదాన్నయ్యాను. రెండు వారాలకో దేశం తిరిగే పందెం అది. కుడికీ తిరుగుతారు, ఎడమకీ తిరుగుతారు, వానలో కూడా నడుపుతారు. ఆదివారం పొద్దున్నే లేచి, టీవీ గొంతు నొక్కేసి, కాఫీ కప్పుతో ఒక్కదాన్నే కూచుని చూసేదాన్ని. నాన్న లేచి వస్తే చాలు, మొదలయ్యేది.

"ఏం పందెమే అది? చర్చిలో ప్రభు భోజనానికి నిలబడ్డట్టు ఒకడి వెనక ఒకడు. ఎవడూ ఎవణ్ణీ దాటడు."

"చినుకు పడితే కార్లకి గొడుగులు పట్టుకుని లోపలికి పరిగెత్తే మీ వాళ్ళకంటే నయమే."

"తడిసిన రోడ్డు మీద రెండొందల ఇరవై మైళ్ళ వేగంతో గోడ పక్కన పోయి చూపించమను, అప్పుడు మాట్లాడదాం."

రెండు వేలవ సంవత్సరం నుంచి నాన్న అత్తరు బళ్ళని వెక్కిరించే ఆ కార్లు మా ఊరికే రావడం మొదలుపెట్టాయి. మా ట్రాక్ లోపల కొత్తగా మెలికల రోడ్డు వేశారు, మా పెద్ద స్టాండు ముందున్న తిన్నటి రోడ్డు మీద మాత్రం ఎదురు దిశలో పరిగెత్తారు. నాన్న కడుపు మండిపోయింది. "చచ్చినవాడి ఊరేగింపు కూడా వెనక్కి నడవదు" అని ఏటా ఆ వారాంతానికి గాలం, డబ్బా పుచ్చుకుని చెరువుకి పోయేవాడు. ఐదేళ్ళు అలాగే గడిచాయి.

ఇది ఆరో ఏడాది సంగతి. 2005.

ఆ ఏప్రిల్‌లో కళ్ళ డాక్టరు నాన్న డ్రైవింగ్ లైసెన్సు రద్దు చేయించాడు. రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు పోతోంది, అంచులు మాత్రం మిగులుతాయి, అవి కూడా ఎన్నాళ్ళో చెప్పలేను అన్నాడు. ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గర నేను ఏదో చెబుతుంటే నాన్న ఉప్పుడబ్బా వైపు చూస్తూ కూచున్నాడు. నాకసలే ఓపిక తక్కువ.

"నాతో మాట్లాడుతున్నావా, ఉప్పుతోనా?"

"నిన్ను చూడాలంటే ఉప్పుని చూడాలి. తిన్నగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఉంటుంది" అన్నాడు. "మచ్చే నయం, వాగదు" అని కూడా అన్నాడు.

నవ్వాను. గిన్నెలు కడుగుతూ మాత్రం ఏడ్చాను.

మే పందెం ఎలాగో చూశాడు. కార్లు ఎడమవైపు నుంచి వస్తాయి గనక చూపు కుడివైపు నిలిపి, వచ్చేవాటిని కంటి కొసతో పట్టుకున్నాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఇంక చాలు. చూడాల్సిందంతా చూసేశాను" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. అంతా ఎక్కడ చూశాడు? నాది చూడలేదుగా. కళ్ళు పూర్తిగా పోయేలోపు నాకిష్టమైనదాన్ని మా నాన్న ఒక్కసారి చూడాలి, నా పక్కన కూచుని చూడాలి. నాకు కావలసింది అంతే. విడాకులిచ్చి, స్కూలు బస్సు నడుపుకుంటూ, నలభై దాటిన ఆడదానికి ఈ చిన్నపిల్ల కోరికేమిటని అడుగుతారేమో. కోరికకి వయసు తెలియదు.

జూన్‌లో స్కూళ్ళు మూసేశారు. చేతిలో స్టీరింగ్ లేకపోతే నాకు తోచదు. ఇల్లంతా తిరిగేదాన్ని, సర్దినదే మళ్ళీ సర్దేదాన్ని. జూన్ మూడో ఆదివారం పందెం. నాన్న ఈసారి చెరువుకి పోలేడు, కారు నడపలేడు గనక. అలాగని పందేనికి వస్తాననీ అనడు.

శుక్రవారాలు మా ఇంట్లో పేకాట. మా ప్రాంతంలో అందరూ ఆడేది యూకర్ అనే ఆట. ఇద్దరిద్దరు ఒక జట్టు. పక్కింటి ఫ్లాయిడ్, నాన్న ఒక జట్టు, ఫ్లాయిడ్ భార్య జెనీవా, నేనూ ఒక జట్టు. పందేనికి వారం ముందు శుక్రవారం నేను పంచడానికి పేక తీసుకుని ఆగాను.

"ఈ ఆట నేను గెలిస్తే నువ్వు పై ఆదివారం పందేనికి రావాలి నాన్నా."

"ఓడితే?"

"ఇంక ఈ ఇంట్లో ఫార్ములా వన్ మాటెత్తను."

ఫ్లాయిడ్ బల్ల మీద చెయ్యేసి కొట్టాడు. "ఒప్పుకోరా డెల్బర్టూ! ముప్ఫై ఏళ్ళ గొడవ తీరడమంటే మాటలా?"

నాన్న ఒప్పుకున్నాడు. ఆట చివరి పంపకం దాకా సమానంగా నడిచింది. కళావరు తురుఫు. మా అందరి చేతుల్లో రెండేసి ముక్కలు మిగిలాయి. ఫ్లాయిడ్ ఆఠీను ఆసు దించాడు. ఆ పట్టు వాళ్ళదే. నాన్న ముక్కల్ని చెవి దగ్గరికి తీసుకెళ్ళి, పక్కచూపుతో చాలాసేపు చూసి, ఒకటి కింద పెట్టాడు. కళావరు జాకీ! ఆటలో అన్నిటికన్నా పెద్ద ముక్క. సొంత జట్టు గెలిచిన పట్టు మీద పారేశాడు. చేతిలో మిగిలింది ఒక పనికిమాలిన తొమ్మిది. దాన్ని నా రాణి తినేసింది. ఆట మాది.

"ఒరే! నేను గెలిచిన దాని మీద జాకీ వేస్తావేంట్రా? నీ కళ్ళు..." అని ఫ్లాయిడ్ అక్కడే ఆగిపోయాడు. జెనీవా బల్లకింద అతని కాలు తొక్కిందనుకుంటాను.

నాన్న సిగ్గుపడ్డట్టు ముక్కలన్నీ పోగు చేశాడు. నాకు జాలేసింది. అయినా గెలుపు వదులుకోలేదు. "పై ఆదివారం పదింటికి బయల్దేరాలి, టోపీ పెట్టుకో" అన్నాను.

పందెం వారం వచ్చింది. శుక్రవారం పొద్దున కార్లు సాధనకి దిగాయి. మా ఇంటికీ ట్రాక్‌కీ మధ్య మూడు వీధులే. మే కార్లది గర్జన, వీటిది కీచుకేక. కిటికీ అద్దాలు వణుకుతాయి. వంటింట్లో నేను ఉల్లిపాయలు తరుగుతుంటే నాన్న లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"బ్రేకు కొట్టకుండా మలుపులోకి దిగుతున్నాడు," అన్నాడు తనలో తనే. "ఇంకా దిగుతున్నాడు... ఇదిగో ఇక్కడ తిప్పాడు. ఏం బ్రేకులే అవి! మనవాళ్ళైతే ఈపాటికి గోడలో ఉండేవాళ్ళు."

"నచ్చిందా?"

ఉలిక్కిపడ్డాడు. "చెవులు నొప్పెడుతున్నాయి" అని లోపలికొచ్చేశాడు.

ఆ మధ్యాహ్నమే ఒక కారు టైరు దెబ్బతిని గోడకి కొట్టుకుంది. నడిపేవాడికి ప్రాణం మీదకి రాలేదు గాని కారు తుక్కయింది. కొట్టుకున్నది మా ట్రాక్ మొదటి మలుపు దగ్గర, రోడ్డు ఏటవాలుగా గోడకి ఎక్కినట్టుండే చోట. శనివారానికి పుకార్లు మొదలయ్యాయి. ఒక కంపెనీ టైర్లు ఆ మలుపుకి ఆగవట, ఆ కంపెనీ టైర్లు వాడే పద్నాలుగు కార్లూ పరిగెత్తవట, లేదు లేదు మలుపుకి ముందు వేగం తగ్గించేలా అడ్డుకట్ట వేస్తారట. నేను కాలు కాలిన పిల్లిలా రేడియోకీ ఫోనుకీ మధ్య తిరిగాను. ఐదేళ్ళు ఏ గొడవా లేకుండా జరిగిన పందెం. ఈ ఏడే, మా నాన్న వచ్చే ఏడే, దీనికి రోగం రావాలా?

"కూచోవే, నేల అరిగిపోతుంది" అన్నాడు నాన్న.

"పరిగెత్తకపోతే?"

"పరిగెత్తక ఏం చేస్తారు? జనం టిక్కెట్లు కొనుక్కుని కూచున్నాక కార్లు నడపనివాడు ఇంతవరకు మన ట్రాక్ మీద పుట్టలేదు."

పోట్లాటల్లో ఎన్నడూ ఒక్క మంచి మాట అనని మనిషి ఆ పూట నా పందెం తరఫున మాట్లాడాడు. నాకు ధైర్యం రాలేదు, భయం ఇంకా పెరిగింది.

ఆదివారం తెల్లారేసరికి మా ఇంటి ముందు ఒక కారు ఆగి ఉంది, దాని మీద పసుపు, నీలం, ఎరుపు జెండా. మే పందేనికి మా వీధిలో ప్రతి ఇంటి పచ్చిక మీదా కార్లు నిలుపుకోనిస్తాం, ఏటా ఆ కుటుంబాలే వచ్చి ఆ చోట్లలోనే నిలుపుకుంటాయి. జూన్‌లో మాత్రం నాన్న పచ్చిక చుట్టూ తాడు కట్టేసేవాడు. గడ్డికి విశ్రాంతి కావాలని వంక. కారులోంచి ఒకాయన దిగి తాడు దగ్గర తటపటాయిస్తున్నాడు. నాన్న వరండాలోంచే అరిచాడు.

"ఎక్కణ్ణుంచి?"

"బొగోటా సార్. అంటే ఇప్పుడు న్యూజెర్సీ. నా పేరు ఎర్నాన్, ఈమె అంపారో, నా భార్య. ఎక్కడా చోటు లేదు సార్."

"రాత్రంతా నడిపావా?"

"ఇద్దరం మార్చుకుంటూ వచ్చాం."

నాన్న మెట్లు దిగి, తడుముకుంటూ తాడు ముడి విప్పాడు. అంపారో మా ఇద్దరికీ జున్ను పెట్టి కాల్చిన మొక్కజొన్న రొట్టెలిచ్చింది. నాన్న రెండు తిన్నాడు. "మొక్కజొన్న చేలల్లో పుట్టి పెరిగాను. దీన్నిలా కూడా చెయ్యొచ్చని ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు. ఎర్నాన్ నా ఫార్ములా వన్ టోపీ చూసి, నేను అతని టోపీ చూసి, పాత స్నేహితుల్లా నవ్వుకున్నాం.

పదిన్నరకి స్టాండులో కూచున్నాం. నాన్నకి కుడిపక్క నేను, ఎడమపక్క ఫ్లాయిడ్. వెక్కిరించడానికైనా చూడాలని వచ్చానన్నాడు. ఎండ మండిపోతోంది. కింద కార్లు బారులు తీరాయి, ఇరవై. చుట్టూ అన్ని దేశాల జెండాలు, అన్ని భాషల పాటలు. పుకార్లేమయ్యాయో ఎవరికీ తెలియదు. కార్లు ఉన్నాయి, మనుషులు ఎక్కి కూచున్నారు, ఇంకేం కావాలి?

అసలు పందేనికి ముందు అందరూ కలిసి ఒక చుట్టు మెల్లగా తిరిగొచ్చి మళ్ళీ బారులు తీరతారు. ఇరవై కార్లూ కదిలాయి. ఆ శబ్దం నాన్న ఎముకల్లోకి పోవడం నాకు తెలిసింది. చెయ్యి నా మోచేతి మీద ఉంది, బిగిసింది.

"ఇరవై," అన్నాడు. "ఇరవయ్యీ కదిలాయి."

"కదిలాయి నాన్నా!"

కార్లు లోపలి మెలికల్లోకి పోయి కనుమరుగయ్యాయి. జనం లేచి నిలబడ్డారు. అప్పుడొక తమాషా జరిగింది. మా వరసల్లో ఉన్న ఊరివాళ్ళందరూ తలలు ఎడమకి తిప్పారు. ఏళ్ళ తరబడి కార్లు అటునుంచే వచ్చాయి మరి. మెడలకి అదే అలవాటు. విదేశాలవాళ్ళు మాత్రం కుడికి చూస్తున్నారు. ఫ్లాయిడ్ ముందు నాలుక కరుచుకున్నాడు.

"ఒరే డెల్బర్టూ, అటు చూడరా, కుడికి! ఎడమకి చూస్తూ కూచుంటే సాయంత్రం దాకా ఏమీ రాదు."

అందరూ నవ్వుకుంటూ తలలు తిప్పుకున్నారు. నాన్న తిప్పలేదు. నాకు కోపమొచ్చింది, ఇంత దూరం వచ్చి మంకుపట్టేమిటని. "నాన్నా, కుడివైపు" అన్నాను.

"తెలుసు. అటు చూస్తేనే ఇటు కనిపిస్తాయి" అన్నాడు.

మలుపులోంచి మొదటి ఎర్ర కారు బయటికొచ్చింది. దాని వెనక ఇంకొన్ని. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక కారు బారులోంచి విడిపోయి లోపలి దారి పట్టింది, మరమ్మతు కొట్ల వైపు. ఇంకొకటి. ఇంకొకటి. పద్నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. ఆరు కార్లు వచ్చి, ఖాళీ గళ్ళ మధ్య ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

"మిగతావాళ్ళేరీ?" అన్నాడు ఫ్లాయిడ్. "టీ తాగడానికెళ్ళారా?"

పందెం మొదలుపెట్టమని చెప్పే ఎర్రదీపాలారాయి. ఆరూ పరిగెత్తాయి.

తర్వాత లేచాయి కేకలు, అలాంటివి నేనెప్పుడూ వినలేదు. మొదట ఛీత్కారాలు, తర్వాత బూతులు, తర్వాత డబ్బాలు. మా ముందు వరసలోవాడు తన జెండానే చింపేశాడు. ఒక తల్లి పిల్లాడి చెవులు మూసింది. ఫ్లాయిడ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇదా నీ ప్రపంచ పందెం? మన వీధి చివర పిల్లల సైకిలు పందేనికి ఇంతకంటే ఎక్కువమంది వస్తారే!" ఆ నవ్వుకి నా ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. టైర్ల మీదా, లోపలికి పోయిన పద్నాలుగుమంది మీదా, ఒక మాట మీదకి రాలేకపోయిన పెద్దల మీదా, ఇన్నేళ్ళు పొద్దున్నే లేచి చూసిన నా మీదా. చేతిలో నీళ్ళ సీసా ఉంది, నిండుగా. లేచి చెయ్యెత్తాను.

ఈల మోగింది.

చెవి పక్కనే, కర్ణభేరి పగిలేలా. మా వరస, ముందు వరస, ఆ ముందు వరస కొయ్యబారిపోయాయి. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగాయి. నాన్న ఎడమవైపే చూస్తున్నాడు, ఈల పళ్ళ మధ్య ఉంది, కుడిచెయ్యి మాత్రం నా మణికట్టు పట్టుకుని ఉంది.

"కింద కార్లు నడుస్తుండగా సీసా విసురుతావా? నా కూతురివేనా నువ్వు?"

"కార్లా? ఆరు నాన్నా! ఆరు!"

"ఆరైతే? ఆరుగురికి తలలు పగలవా?"

ముందు వరసలో ఒక కుర్రాడి వైపు, అంటే అతనికి కొంచెం పక్కగా చూస్తూ, "నువ్వూ డబ్బా దించు" అన్నాడు. ఆ కుర్రాడు దించాడు. నేను కూలబడ్డాను. ఫ్లాయిడ్ కాసేపు చూసి, ఎండ తగులుతోందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. మా చుట్టూ మనుషులు జట్లు జట్లుగా లేచి పోతున్నారు. నా కళ్ళమ్మట నీళ్ళు ఆగడం లేదు.

"పోదాం నాన్నా. తప్పయింది. చూపు లేని మనిషిని పేకాటలో గెలిచి, ఈ ఎండలోకి ఈడ్చుకొచ్చాను. ఇది చూపించడానికా?"

"నువ్వు గెలిచావా?"

"జాకీ నీకు కనపడలేదుగా."

నాన్న ఈలని జేబు రుమాలుతో తుడుచుకున్నాడు. "కళావరు జాకీ కనపడకపోవడానికి నేనింకా అంత గుడ్డివాణ్ణి కాలేదు" అన్నాడు. తర్వాత వెంటనే, "ముందున్నదెవరు?" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని కిందికి చూశాను.

"ఎరుపు."

"తర్వాత?"

"అదీ ఎరుపే."

"తర్వాత?"

"పసుపు."

"పసుపా?" అని నిటారుగా కూచున్నాడు. "అయితే వాణ్ణి చూసి తీరాలి."

చివరిదాకా కూచున్నాం. ఆరు కార్లు ఖాళీ స్టాండ్ల ముందు నుంచి పోయాయి, వచ్చాయి. చూడడానికేమీ లేదు, ఎవరూ ఎవరినీ దాటలేదు. నాన్న ఎడమవైపు చూస్తూ, ఒక్కొక్కటీ కుడివైపు నుంచి దూసుకొచ్చినప్పుడల్లా గడ్డం కొంచెం ఎత్తేవాడు. గెలుపు జెండా ఊపినప్పుడు లేచి టోపీ తీశాడు, మేలో తీసినట్టే. నేను లేవలేదు. నా కోపం చల్లారలేదు, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఇంటికొచ్చేసరికి ఎర్నాన్, అంపారో పచ్చిక మీద తమ కారులోనే కూచుని ఉన్నారు, తలుపులు తెరిచి, కాళ్ళు బయటికి పెట్టి. జెండా మడిచేశారు. నాన్న లోపలికి వెళ్ళి, ఫ్రిజ్‌లో జెనీవా కాల్చి ఇచ్చిన 'పై' అనే మీగడ మిఠాయి ఉంటే పళ్ళెంతో సహా తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాడు.

"మా ఊరికొచ్చినవాళ్ళు ఇలా మొహాలు వేలాడేసుకుని పోవడం నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు. "మేలో రండి. అప్పుడందరూ పరిగెత్తుతారు. ఈ చోటు మీదే."

"మీరు చివరిదాకా ఉన్నారా సార్?" అన్నాడు ఎర్నాన్. "మేం పదో చుట్టుకే వచ్చేశాం. ఎలా కూచోగలిగారు?"

"ఆరుగురు నడుపుతున్నారుగా" అన్నాడు నాన్న.

ఆ రాత్రే నా టోపీలూ, గోడమీది బొమ్మలూ చెత్తబుట్టలో వేశాను. ఇంక చూడనని ఒట్టేసుకున్నాను. పదిరోజులు తిరక్కుండా ఫ్లాయిడ్ కబురు తెచ్చాడు, టిక్కెట్ల డబ్బు వెనక్కిస్తారట అని. "నాకొద్దు. చూసినదానికి వెనక్కెలా అడుగుతాను?" అన్నాడు నాన్న.

"నువ్వా చూసింది? పొద్దంతా ఎడమకి చూస్తూ కూచున్నావు!"

"నీకంటే ఎక్కువే చూశాను లే."

ఆ రెండు వారాలూ నాకు ఏ పని మీదా చెయ్యి ఆనలేదు. కంచెకి రంగు మొదలుపెట్టి సగంలో వదిలేశాను. మాట తప్పినవాళ్ళ మీద అలిగినట్టుంటుంది, అలిగి ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. జూలై మొదటి ఆదివారం ఫ్రాన్సులో పందెం. మాకు పొద్దున ఏడింటికి. ఆరింటికే మెలకువ వచ్చింది. కావాలనే లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఏడింటికి ఇంట్లో కీచుకేక మొదలైంది. టీవీ గొంతు పూర్తిగా పెంచారు. కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. విసురుగా హాల్లోకొచ్చాను. నాన్న తన కుర్చీలో కాఫీ కప్పుతో కూచుని ఉన్నాడు. కాఫీ సాసరులోకి ఒలికింది.

"ఏంటిది?"

"ఆ పద్నాలుగుమంది ఇవాళైనా వచ్చారో లేదో చూద్దామని. నిలదియ్యడానికి మన ఊళ్ళో ఒకడైనా ఉండాలిగా."

"కనిపిస్తున్నాయా?"

"రంగులు కనిపిస్తున్నాయి. లెక్క తేలడం లేదు. నువ్వు లెక్కపెట్టు."

లెక్కపెట్టకూడదనుకున్నాను. కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేశాయి. "ఇరవై" అన్నాను.

"ఊఁ" అన్నాడు. "పసుపువాడెక్కడ?"

"చివర్న."

"అయ్యో."

కప్పులో కాఫీ పోసుకుని వచ్చాను. టీవీ పక్కన, కిటికీ కింద ఇంకో కుర్చీ ఉంది. అందులో కూచున్నాను. నాన్న కప్పు కింద పెట్టి, తల ఎత్తి, కుదురుగా సర్దుకున్నాడు. "మాట్లాడకు," అన్నాడు, "ఎవరు ఎవర్ని దాటితే అది మాత్రం చెప్పు."

ఆ గంటన్నరా మా నాన్న నా మొహంలోకే తిన్నగా చూస్తూ కూచున్నాడు. అంటే పందెం చూస్తున్నాడన్నమాట.